నీళ్ల మీద నేరం

మా అమ్మాయి నిరోష మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆమె జెనెటిక్స్ చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ మనశ్శాంతిగా తుమ్మడానికి లేకుండా పోయింది. ఎవరు తుమ్మినా "మీ నాయినకు గూడ గిట్లనే వరుసగ మూడు వచ్చేటియా?" అని అడుగుతుంది. దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి దిగిన రోజే, సంచి కింద పెట్టకుండా అందరి చెవి తమ్మెలు పట్టుకుని చూసింది. తర్వాత నాలుకను గొట్టంలా చుట్టమంది. మా అత్తగారు అండాలమ్మకు డెబ్బై ఏళ్లు. నందికొండ హిల్ కాలనీలో మా వరుస క్వార్టర్లన్నింటినీ నాలుకతోనే అదుపులో పెట్టిన మనిషి. ఆవిడ మంచం మీద కూర్చుని ఆ నాలుకను చుట్టడానికి పావుగంట కష్టపడింది. అది చుట్టుకోలేదు. "నా నాలుక సక్కగనే ఉంటది బిడ్డా, వంకర్లు వోదు" అని గర్వంగా చెప్పింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు. కొన్ని మాటలకు తల ఎత్తకుండా ఉండటం ఇరవై రెండేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న విద్య. దానికి డిగ్రీ ఇచ్చే కాలేజీ ఇంకా రాలేదు.

ఇదంతా కాలేజీవాళ్లు ఇచ్చిన పనికి ముందస్తు కసరత్తట. మూడో సంవత్సరంలో మానవ జన్యుశాస్త్రం పేపరు ఉంది. ఒక్కొక్కరూ సొంత కుటుంబంలో మూడు తరాల పటం గీసుకురావాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, భార్యాభర్తల మధ్య ఒక గీత, ఆ గీత నుంచి కిందికి పిల్లలు. ఒక లక్షణాన్ని ఎంచుకుని, అది ఉన్నవాళ్ల బొమ్మను పెన్సిల్‌తో నింపాలి. లేనివాళ్లది ఖాళీగా వదలాలి. మగవాళ్లకు నాలుగు మూలలున్న గది, మాకు మూలే లేని సున్నా. ఈ పద్ధతి పెట్టినవాడెవడో సంసారి అయివుంటాడనుకున్నాను.

"ఏం లక్షణం రాస్తవే?" అన్నాడు మా ఆయన విజేందర్, పేపరు మడుస్తూ. "బట్టతల రాయి. మీ తాత, నేను, ఇద్దరం దొరుకుతం."

"కాళ్లు రాస్త బాపూ."

పేపరు మడత సగంలో ఆగింది.

"కాళ్లకు రాసేదేముంది బిడ్డా," అంది అత్తగారు. "నీళ్లు అని రాయి. మీ అమ్మమ్మోళ్ల ఊరి నీళ్లు. అయిపాయె."

నిరోష కాళ్లు వంకర. ఏడో ఏట ఒకసారి, పదకొండో ఏట ఒకసారి ఆపరేషన్లు చేసి, ఎముకలు కోసి, ప్లేట్లు వేసి నిలబెట్టారు. అయినా నాలుగున్నర అడుగుల దగ్గర ఆగిపోయింది. నడిస్తే పక్కకు ఊగుతుంది. ఆ కాళ్లకు కారణం నేను. ఇది మా ఇంట్లో ఇరవై ఏళ్ల కిందట ఇచ్చేసిన తీర్పు.

మా అమ్మగారి ఊరు మర్రిగూడ దిక్కు. ఆ దిక్కున బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేదని జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నడుము విరిగినట్టు వంగి నేలను చూస్తూ నడిచే పెద్దమనుషులు, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచే పడుచు పిల్లలు మా చిన్నప్పుడు మాకు వింత కాదు. నా ఎముకలు బాగానే ఉన్నాయి గానీ పళ్ల మీద మాత్రం గోధుమరంగు చారలు పడ్డాయి. పెళ్లిచూపులప్పుడు నవ్వొద్దని మా అమ్మ మారెమ్మ చెప్పింది. నేను నోరు మూసుకోవడం అక్కడ మొదలై ఉంటుంది.

తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలనేది ఆచారం. ఏడో నెలలో తీసుకెళ్లారు. పాపకు ఐదో నెల వచ్చాక తిరిగి వచ్చాను. ఏడాదిన్నరకు గానీ పిల్ల అడుగు వేయలేదు. వేసినప్పుడు రెండు మోకాళ్లూ ఒకదానికొకటి దూరంగా జరిగి ఉన్నాయి. ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన పిల్ల కాళ్లకంటే ముందు నా పళ్లను చూశాడు. "అమ్మగారిది ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. "ఇంకేముంది," అని చీటీ మీద కలం పెట్టాడు. ఆ ఒక్క ప్రశ్నతో పరీక్ష అయిపోయింది. మర్రిగూడ దిక్కు అని చెప్పాక ఇంకో పరీక్ష రాసేవాళ్లు ఈ జిల్లాలో ఎవరున్నారు.

"మేము కృష్ణ నీళ్లు తాగినోళ్లం," అంది అత్తగారు ఇంటికొచ్చాక. మామగారు ఎల్లస్వామి డ్యాం దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి పోయారు. మా ఆయనది అదే నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆ నదిని వాళ్లే తవ్వి తెచ్చారన్నట్టు మాట్లాడతారు. "మా ఇంట్ల గిసుంటి కాళ్లు ఎన్నడన్న ఉన్నయా? నీ బోరు నీళ్లు తాపి తీస్కొచ్చినవు." ఆ మాట అని ఆమె అటూ ఇటూ ఊగుతూ వంటింట్లోకి పోయింది. మా ఆయన లుంగీ ఎగ్గట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మోకాళ్ల మధ్య నుంచి ఒక కోడి తలవంచకుండా దూరిపోవచ్చు. ఆ రోజు ఆ ఇంట్లో కళ్లున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం. ఒక్కరికీ ఏమీ కనపడలేదు. నాకు కూడా.

నేను కూడా డిగ్రీ చదివినదాన్నే. నల్గొండలో బి.ఎస్సీ., బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. బఠాణీ మొక్కల లెక్కలు కట్టాను. తండ్రి నుంచి కూతురికి ఏది పోతుందో, కొడుక్కి ఏది పోదో పటం గీసి, రంగు పెన్సిళ్లతో నింపి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. కాకపోతే ఆ పుస్తకంలో జబ్బులన్నీ ఎక్కడో విదేశాల్లో రాజులకు, రాణులకు వచ్చేవి. క్వార్టరులో ఉండే గుమాస్తాలకు వస్తాయని ఎవరూ చెప్పలేదు. పెళ్లయ్యాక బఠాణీలతో నా సంబంధం ఒలవడం వరకే మిగిలింది.

తీర్పు తర్వాత శిక్ష. రెండోసారి నెల తప్పినప్పుడు నన్ను పుట్టింటికి పంపలేదు. రాజేశ్ ఇక్కడే పుట్టాడు, ఇక్కడి నీళ్లే తాగాడు, పదకొండో నెలలోనే బాణంలా నడిచాడు. "సూసినవా," అన్నాడు మా ఆయన, ఒక ప్రయోగం విజయవంతంగా ముగించినవాడిలా. "నీళ్లు మార్చినం, కాళ్లు నిలవడ్డయి." ఆ మాటను ఆయన ఆఫీసులో చెప్పాడు, పెళ్లిళ్లలో చెప్పాడు, బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాడు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను. కళ్ల ముందు ఇద్దరు పిల్లలు, రెండు రకాల నీళ్లు, రెండు రకాల కాళ్లు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

పుట్టింటికి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయాలి. అక్కడ పచ్చి నీళ్లు కూడా ముట్టకూడదు. మొదటిసారి మా అమ్మ చెంబు అందిస్తే, నేను చెయ్యి చాపకుండా సంచిలోంచి నా సీసా తీశాను. ఆమె చెంబు తీసుకెళ్లి లోపల పెట్టింది. ఆ మరుసటిసారి నేను వెళ్లేసరికి దుకాణంలో సీలు తియ్యని నీళ్ల సీసా కొనుక్కొచ్చి, కొంగుతో తుడిచి, ఊరికి వచ్చిన అధికారికి ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది. తర్వాత ప్రతిసారీ అంతే. రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లకు ఇంటింటికీ సర్కారు భగీరథ నల్లాలు పడ్డాయి. "ఇప్పుడు మా ఇంట్ల గూడ కృష్ణ నీళ్లే బిడ్డా," అంది ఒకరోజు, నల్లా తిప్పి చూపిస్తూ. "ఒక్క గిలాస తాగి పో." నేను "బస్సుకు టైమైతాంది అమ్మా" అన్నాను. బస్సుకు ఇంకా గంట టైముంది. ఆమె ఆ మరుసటి ఏడాది, రెండువేల పంతొమ్మిదిలో పోయింది.

నిరోష ఇంటర్ అయ్యాక మా ఆయన ఇక్కడికి దగ్గర్లోనే కంప్యూటర్ డిగ్రీలో చేర్చాలన్నాడు. "కూసుండి చేసే పని. నడిచే పనిలేదు," అన్నాడు. డిగ్రీ సీట్లు ఇచ్చే దోస్త్ వెబ్‌సైటులో ఆప్షన్లు పెట్టడానికి నన్నూ నిరోషనూ హాలియా నెట్ సెంటరుకు పంపాడు. అక్కడ పిల్ల నా చెవిలో, "అమ్మా, నాకు జెనెటిక్స్ గావాలె. నా కాళ్లు ఎందుకు గిట్లయినయో నేను సదువుకోవాలె," అంది. నేను హైదరాబాద్‌లో ఆడపిల్లల కాలేజీలో ఉన్న ఆ కోర్సును మొదటి ఆప్షన్‌గా పెట్టించాను. కంప్యూటర్లను పదిహేడో ఆప్షన్‌లో పెట్టించాను. సీటు వచ్చాక మా ఆయనతో "సర్వర్ గట్ల ఇచ్చింది, మనం చేసేదేముంది" అన్నాను. ప్రభుత్వోద్యోగి కాబట్టి సర్వర్ మాట కాదనలేకపోయాడు. నా మనసులో మాత్రం ఒక భయం ఉండేది. ఆ చదువేదో పూర్తయ్యాక నా నేరానికి శాస్త్రీయమైన పేరు కూడా ఒకటి దొరుకుతుందని.

సరే, పటం సంగతి. నిరోష నాలుగు కాగితాలను ఒకదానికొకటి అంటించి నేల మీద పరిచింది. ముందు నాయనమ్మ దగ్గర కూర్చుంది.

"అవ్వా, నువ్వు ఊగుకుంట నడుస్తవు గద, ఎప్పటి సంది?"

"బిందెలు మోసీ మోసీ గట్లయినయే. నెత్తి మీదొకటి, సంకల ఒకటి. మీ లెక్క నల్లాలున్నయా మాకు?"

"మరి బాపు కాళ్లు?"

"వాన్ని తొందరపడి నిలవెట్టిన. తొమ్మిదో నెలకే. లేత బొక్కలు వంగినయి."

"స్వరూప అత్తమ్మయి?"

"అది గున్న గున్న ఉరికేది చిన్నప్పుడు. ఒక్క తాన కూసుంటే గద."

స్వరూప మా ఆయన చెల్లెలు. ఆలేరులో విత్తనాల దుకాణం నడిపే ఎల్లేష్‌కు ఇచ్చారు. చాలా ఏళ్లకు ఒక పాప పుట్టింది, సహస్ర. రెండేళ్లు నిండుతున్నాయి. ఆ పాప కాళ్లు కూడా ఈ మధ్య వంగుతున్నాయని ఫోనులో చెబుతోంది. మా అత్తగారు ఫోను పెట్టకముందే తేల్చేసింది, "ఆలేరు నీళ్లు మంచియి గావే." స్వరూప ఫిల్టర్ పెట్టించింది. అంటే మా ఇంట్లో ఒక్కొక్క వంకరకాలుకూ ఒక్కొక్క కథ ఉంది. బిందె, తొందర, ఉరకడం, మర్రిగూడ, ఆలేరు. ఐదు జతల కాళ్లు, ఐదు కారణాలు. అందులో వేరే ఊరి నుంచి వచ్చిన కోడలికి మాత్రమే అది నేరమైంది. మిగతావాళ్లకు ప్రమాదం.

నిరోష అన్నీ రాసుకుంది. మా తమ్ముడు దామోదర్‌కు ఫోను చేసి వాడి ముగ్గురు పిల్లల సంగతి అడిగింది. అదే బోరు నీళ్లు తాగి పెరిగారు. పళ్ల మీద చారలున్నాయి, కాళ్లు నిటారు.

మర్నాడు మధ్యాహ్నం నేను పప్పు పోపు పెడుతుంటే వంటింట్లోకి వచ్చి గ్యాస్ ఆపేసింది. పటం గోడకు ఆనించి పట్టుకుంది.

"అమ్మా, చూడు. అవ్వ నింపిన. బాపు నింపిన. స్వరూప అత్తమ్మ, నేను, సహస్ర. నీదిక్కు మొత్తం చూడు. అమ్మమ్మ, మామయ్య, వాళ్ల పిల్లలు. అందరిది ఖాళీ. నువ్వు గూడ ఖాళీనే."

నేను నా సున్నాను చూశాను. కాగితం తెల్లగా ఉంది లోపల.

"నీళ్లయితే నా పండ్ల మీద చారలు వడాలె. నావి తెల్లగున్నయి, గని ఊకె చీము వడ్తయి. బాపుకు గట్లనే, అవ్వకు గట్లనే. ఇది మూత్రంల ఫాస్ఫేట్ పోయే జబ్బు అమ్మా, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది. తండ్రికుంటే ఆడపిల్లకు తప్పకుంట వస్తది. మగపిల్లగానికి తండ్రి వై ఇస్తడు గద, వానికి రానే రాదు. రాజేశ్ కాళ్లు సక్కగున్నది కృష్ణ నీళ్లకు గాదు. మగపిల్లగాడయినందుకు."

ఇలాంటి కథల్లో ఆడది ఇక్కడ ఏడవాలి, లేదా నవ్వాలి. నేను గ్యాస్ మళ్లీ వెలిగించి పోపులో కరివేపాకు వేశాను. అది మాడింది. నాకు సంతోషం రాలేదు. ఇదే పటాన్ని నేను పరీక్షలో గీశాను, ఇవే బాణాలు, ఇవే సున్నాలు. ఇరవై ఏళ్లు ఆ మనిషి పంచెకు ఇస్త్రీ చేశాను, ఆ లుంగీని ఉతికి ఆరేశాను, ఆ మోకాళ్లకు తైలం రాశాను. ఒక్క రోజు కూడా నా చదువును నా ఇంటి గుమ్మం దాటించి లోపలికి తీసుకురాలేదు. పిల్లకు రెండో ఏట ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే, మందులతోనే ఆ కాళ్లు చాలావరకు నిలబడేవట. ఆ కోతలు అక్కర్లేకపోయేవేమో. నిరోష ఆ మాట చాలా మామూలుగా చెప్పింది, వేరే ఎవరి కాళ్ల గురించో చెప్పినట్టు. ఇక మా అమ్మ, తన బోరు మనవరాలి కాళ్లు విరిచిందని నమ్ముతూ పోయింది. ఆమెకు చెప్పడానికి ఏ పటమూ లేదు.

"నా సంగతి ఇడిసిపెట్టు," అంది నిరోష. "సహస్రకు రెండేండ్లు. ఇప్పుడు మందులు మొదలుపెడ్తే దానికి నా లెక్క గాదు."

సాయంత్రం తండ్రికి చూపించింది. ఆయన పటాన్ని చాలాసేపు చూశాడు. తన చతురస్రం నల్లగా నిండి ఉండటం ఆయనకు బొత్తిగా నచ్చలేదు.

"మూడేండ్లు హైదరాబాద్ల సదివిచ్చింది మా కాళ్లు లెక్కవెట్టనీకా?"

"బాపూ, సహస్రకు రక్తపరీక్ష…"

"స్వరూప అత్తగారింట్ల తెలిస్తే ఏమంటరు? రోగం తెచ్చినవంటరు. దాని సంసారం గంగల కలుస్తది. నీళ్లంటే నీళ్లని ఊకుంటరు. ఎవ్వరికి నష్టం లేదు."

ఎవ్వరికి నష్టం లేదు. నేను టీ గ్లాసులు తీసుకుంటూ ఆ మాట విన్నాను. ఆయన నా వైపు చూసి, "నువ్వే నేర్పిచ్చినవు గదా ఇదంత?" అన్నాడు.   పటం మడిచి మంచం కింద పెట్టేదాకా అత్తగారు దాన్నే చూస్తూ ఉంది.

సద్దుల బతుకమ్మ నాడు స్వరూప పాపను తీసుకుని వచ్చింది. నేను వంటింట్లో నువ్వుల సద్ది కలుపుతూ ఆమెకు చెప్పాను. నిరోష చెప్పినంత బాగా చెప్పలేకపోయాను. ఆమె విన్నది. ఆమె ముఖం మారింది.

"వదినా, ఇన్నేండ్లు నిన్నన్నరని ఇప్పుడు మా అమ్మ మీదికి తోస్తున్నవా?"

"తోస్తలేను స్వరూపా. పాప కోసం…"

"పాప పేరు వెట్టుకొని కక్ష తీర్చుకుంటున్నవు. మా అన్న మంచోడు గాబట్టి ఊకుంటుండు."

ఆమె మాట పూర్తిగా అబద్ధం కాదు. ఇరవై ఏళ్లు మోసిన దాన్ని దించడానికి ఇంకొకరి నెత్తి కావాలని నాలో ఒక మూల ఆశ పడింది. పటంలో అత్తగారి సున్నా నల్లగా నిండినప్పుడు నాకు కొంచెం తీపిగా ఉండటం నిజం. ఆ తీపి వల్ల నేను చెప్పింది తప్పయిపోతుందా? నా నోటి నుంచి వస్తే నిజం కూడా కక్షలాగే వినిపిస్తుందని ఆ రోజు అర్థమైంది. వాకిట్లో పాప సహస్ర బతుకమ్మ చుట్టూ తిరుగుతూ రెండుసార్లు పడింది. రెండుసార్లూ తానే నవ్వి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. రెండేళ్ల పిల్ల. అలా లేవడం నిరోషకు ఎవరూ నేర్పలేదు. సహస్రకూ ఎవరూ నేర్పలేదు.

అందుకని నేను అబద్ధం చెప్పాను. సంక్రాంతి దాటాక స్వరూపకు ఫోను చేసి, "అప్పుడు అన్నది మరిచిపో. మీ అమ్మ చెప్పిందే నిజమేమో. ఆలేరు నీళ్లు బొక్కలల్ల ఎంత చేరినయో చెప్పే పరీక్ష హైదరాబాద్ల పిల్లల దవాఖానల ఉన్నదట. నిరోషోళ్ల మేడం చెప్పింది" అన్నాను. వాళ్ల నీళ్లను వాళ్లకే అమ్మాను. వెంటనే ఒప్పుకుంది. మా ఆయన కూడా ఒప్పుకున్నాడు, తానే తీసుకెళతానన్నాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలు కాబట్టి ఖర్చు అనే సాకు కూడా ఆయనకు మిగల్లేదు. బయల్దేరే ముందు రోజు అత్తగారు పెట్టెలోంచి గట్టి చీర తీసి, "నేను గూడ వస్త" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నిరోష కాలేజీ నుంచి నేరుగా దవాఖానకు వచ్చింది. పొద్దున పాప రక్తం తీసుకున్నారు. మధ్యాహ్నం దాటాక పిలిచారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నిద్ర లేనట్టు కళ్లు. స్వరూప పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు. గోడ దగ్గర ఒక్క కుర్చీ ఉంటే అత్తగారిని కూర్చోబెట్టి నేనూ నిరోషా వెనక నిలబడ్డాం.

"ఫాస్ఫేట్ తక్కువుంది," అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "ఇది మామూలు విటమిన్ లోపం వల్ల కూడా కావచ్చు. అదైతే చుక్కలు రాసిస్తాను, ఆరు నెలల తర్వాత రండి. కానీ ఇది ఇంటి నుంచి వచ్చిందైతే ఆ చుక్కలు పనిచేయవు. మందులు వేరు, ఇప్పుడే మొదలుపెట్టాలి, వేరే పరీక్షలు చేయించాలి. మీ ఇంట్లో చిన్నప్పటి నుంచి కాళ్లు ఇలా ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు మేడం," అన్నాడు మా ఆయన. తన రెండు కాళ్ల మీద నిలబడి అన్నాడు. "మా ఇంట్ల ఎవ్వలికి లేదు. ఇదుగో, మా బిడ్డకుండె, గని అది నీళ్లతోని వచ్చింది. దీని తల్లిగారిది మర్రిగూడ."

"ఓ," అంది ఆమె. ఆ ఊరి పేరు ఆమెకూ తెలుసు. కలం చీటీ మీదికి వెళ్లింది. ఇరవై ఏళ్ల కిందటి కలం ఎలా వెళ్లిందో అలాగే.

నిరోష నోరు తెరిచింది. "నువ్వాగు," అన్నాడు తండ్రి.

"ఉన్నది మేడం," అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా ఆయనకు ఉన్నది. ఈ పాప తల్లికి ఉన్నది. నా వైపు ఎవరికీ లేదు. నీళ్లు కాదు. దయచేసి ఆ చీటీ రాయకండి."

"దాని మాట పట్టుకోకున్రి మేడం," అన్నాడు ఆయన, నవ్వుతూ, నా భుజం మీద చెయ్యి వేసి. "దానికి మా అమ్మ మీద పగ."

స్వరూప తల తిప్పి నన్ను చూసింది. ఆమె అన్నను కాదనలేదు. డాక్టరమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో ఆమెకు తెలియలేదు. కలం గాలిలో ఉంది. నేను ఇంకేం చెప్పగలను? నా దగ్గర ఒక పటం ఉంది, అది నా కూతురు గీసింది. పళ్లున్నాయి, వాటి మీద చారలున్నాయి.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తగారు లేచి ఊగుతూ బల్ల దగ్గరికి వచ్చింది. కొడుకు "నువ్వు కూసో అమ్మా" అన్నాడు. ఆమె వినలేదు. రెండు చేతులతో చీర కుచ్చిళ్లు పట్టుకుని మోకాళ్ల దాకా ఎత్తింది. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఆ కాళ్లను ఎన్నడూ చూడలేదు. పిక్క ఎముకలు రెండూ బయటికి విల్లులా వంగి, పాదాలు లోపలికి తిరిగి, వయసుతో చర్మం వాటి మీద వేలాడుతోంది. నిరోష ఆపరేషన్‌కు ముందటి ఫోటోలో ఉన్న కాళ్లే. డెబ్బై ఏళ్లవి.

"నాకున్నయి. సూడు మేడం," అంది. "మా అమ్మకు గూడ ఉండె. ఈ విజేందర్‌గాడు నడిచిననాడు మా అత్త నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తనన్నది, రోగిష్టిదాన్ని గట్టిన్రని. తొందరపడి నిలవెట్టిన, బొక్కలు వంగినయని చెప్పి కాళ్లు మొక్కిన. నమ్మిన్రు. మల్ల నా మనుమరాలికి వచ్చినప్పుడు నాకు ఎరుకనే. సూడంగనే ఎరుకైంది. కోడలి ఊర్ల నీళ్లు చెడ్డయని అందరన్నరు, నేను గూడ అన్న. అన్నా కొద్ది అదే నిజమైంది."

 మా ఆయన చెయ్యి నా భుజం మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో నేను గమనించలేదు. డాక్టరమ్మ నెమ్మదిగా ఆ చీటీని పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకుంది. స్వరూప పాప కాళ్లను కొంగుతో కప్పి, మళ్లీ తీసేసింది.

ఈ రోజు కోసం నేను మూడు నెలలుగా లోలోపల చాలా జవాబులు సిద్ధం చేసుకున్నాను. కొన్ని పదునైనవి, కొన్ని ఉదారమైనవి. అత్తగారు చీర దించి నా వైపు తిరిగింది.

"తప్పు నాదే రమా," అంది. "మీ అమ్మ బతికున్నప్పుడే ఆమె ముందట అనాల్సింది. అనలే."